జాగ్రత్త: "తీగలు లూజ్ చేసి పెట్టాను సార్" అన్నాడంటే ఆ బేస్ గిటార్ కొనకండి

పాత బేస్ గిటార్ ఒకటి తక్కువలో కొని, పికప్‌లు (తీగల కంపనాన్ని పట్టే అయస్కాంత కాయిల్స్) మార్చి, రంగు వేసి, మన చేతులతో మనమే తయారుచేసుకుందాం అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా మన విజయనగరం, శ్రీకాకుళం నుంచి వైజాగ్ వెళ్లి కొనుక్కొచ్చేవాళ్ల కోసం. బస్సు చార్జీలు కాకుండా నాకు 17,380 రూపాయలు వదిలాయి. మోసం చేసింది అమ్మినవాడే, అందులో డౌటు లేదు. కానీ గిటార్ ధర 7,500 దగ్గర ఆగాల్సిన నష్టాన్ని పదిహేడు వేల దాకా లాక్కెళ్లింది మాత్రం నేనే, అందుకే సిగ్గు పక్కన పెట్టి మొత్తం చెప్తున్నాను.

నాది విజయనగరం మూడు లాంతర్ల దగ్గర చిన్న మొబైల్ రిపేర్ షాపు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను. బేస్ వాయించేవాళ్లు లేక ఎడమచేత్తోనే ఆ లోటు నెట్టుకొస్తున్నాను. కొత్త బేస్ కొందామని యమహా, ఐబానెజ్, స్క్వైయర్ వాళ్ల అన్నిటికంటే చౌక మోడళ్లు చూస్తే నేను చూసిన చోటల్లా పదిహేను, ఇరవై వేల మధ్య ఉన్నాయి. సరే, ఏడెనిమిది వేలకి పాతది పట్టుకుని, మిగిలిన డబ్బుతో మంచి పికప్‌లు, బ్రిడ్జి (బాడీ మీద తీగల చివర పట్టుకునే లోహపు ముక్క) వేస్తే కొత్తదాని కంటే బాగా మోగుతుంది కదా అని లెక్క వేసుకున్నాను. ఫోన్ బోర్డు మీద ఆవగింజలో సగం ఉండే కెపాసిటర్ పీకి పెట్టేవాడికి గిటార్‌లో అయిదారు వైర్లు ఒక లెక్కా అని ధీమా. ఆ ధీమాయే ముంచింది.

పాత సామాన్లు అమ్మే యాప్‌లో దొరికింది. ఫొటోలో చూడముచ్చటగా ఉంది, పసుపు నుంచి నలుపులోకి జారే సన్‌బరస్ట్ రంగు, తల మీద పెద్ద కంపెనీ పేరు. వైజాగ్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కలిశాడు. మాట చాలా మర్యాద. తీగలు తుప్పు పట్టి, వేలాడుతున్నట్టు ఉన్నాయి. "ఇవేంటి ఇలా ఉన్నాయి?" అంటే, "వాడకుండా పెట్టేటప్పుడు నెక్ మీద లోడ్ పడకూడదు సార్, అందుకే తీగలు లూజ్ చేసి పెట్టాను. తెలిసినవాళ్లు అలాగే చేస్తారు" అన్నాడు. నెక్ అంటే మెట్లు ఉండే పొడుగు చెక్క. వినడానికి ఎంత శాస్త్రీయంగా ఉంది! నేను తల ఊపాను. "వాయించి చూద్దామా?" అంటే, "స్పీకర్ మొన్నే అమ్మేశాను, ఇంటికెళ్లి చెక్ చేసుకోండి, ఏదైనా ఉంటే నేను ఎక్కడికి పోతాను సార్" అన్నాడు. ఆక్టివ్ బేస్ అని కూడా చెప్పాడు. ఆక్టివ్ అంటే లోపల సిగ్నల్ పెంచే ప్రీఆంప్ అనే చిన్న సర్క్యూట్‌కి 9 వోల్టుల బ్యాటరీ ఉండాలి. ఇంటికొచ్చి విప్పితే బ్యాటరీ లేదు సరికదా, బ్యాటరీ పెట్టే చోటు కూడా లేదు. అప్పటికైనా బుర్ర పనిచేయాలి కదా, చేయలేదు. పాసివ్ (బ్యాటరీ లేనిది) అయితే ఏముంది, ఎలాగూ లోపలివన్నీ మారుస్తున్నాం కదా అనుకున్నాను.

ఆ రాత్రే తుప్పు తీగలు కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. నేను చేసిన పెద్ద తప్పు ఇది. ఒక్కసారైనా ఆ తీగల్నే శ్రుతికి లాగి చూసుంటే గంటలో బండారం బయటపడేది, ఆ మర్నాడే పోయి వాడి ముందు పెట్టేవాణ్ని. తీగలు లేని గిటార్ ఎంత చక్కగా, తిన్నగా ఉంటుందో చెప్పలేను.

తర్వాత మూడు వారాలు నాకు వచ్చిన పని చేసుకుంటూ కూర్చున్నాను. పాత వైరింగ్ దారుణం, బ్రిడ్జి కిందికి రావాల్సిన ఎర్త్ వైరు అసలు లేదు. అది లేకపోతే తీగ మీద చెయ్యి వేసినా హమ్ తగ్గదు. 250 కిలో ఓమ్‌ల పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండేవి) మూడు, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, కొత్త జాక్, అన్నీ కలిపి 480 రూపాయలు. టంకం నిగనిగలాడుతూ పడింది, ఫొటోలు తీసి తమ్ముడికి పంపుకున్నాను కూడా. పికప్‌లు 3,400. ఇక్కడొక చిన్న మెలిక ఉంది, చాలామందికి తెలియదు. జాజ్ బేస్ (రెండు పికప్‌లు ఉండే ఒక పేరున్న మోడల్) పద్ధతి పికప్‌లు చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి గానీ అసలు కొలతలో బ్రిడ్జి వైపుది మూడు మిల్లీమీటర్లు పొడుగు. చౌక గిటార్‌లు చాలావాటిలో రెండు గుంటలూ చిన్న కొలతకే తవ్వేస్తారు. స్కేలు పెట్టి కొలవకుండా జత ఆర్డర్ పెడితే రెండోది గుంటలో దిగదు. నాదీ దిగలేదు. వడ్రంగి దగ్గరికి పట్టుకెళ్తే ఉలి పెట్టి కొట్టాడు, పైనున్న మందపాటి రంగు పాత గోడ సున్నంలా పెచ్చులు లేచింది. లోపల చూస్తే పొరలు పొరలు, ప్లైవుడ్. ఆయనకి 300, ఆ పెచ్చులు కప్పడానికి స్ప్రే రంగులు, ఎమరీ కాగితాలు 650. రంగు వేసేముందు తల మీద తడిగుడ్డ పెట్టి తుడుస్తుంటే కంపెనీ పేరు మూల లేచింది. గోటితో లాగితే స్టిక్కర్ మొత్తం ఊడి చేతికొచ్చింది. కింద వేరే చిన్న పేరు గీకేసిన గుర్తు.

అప్పుడైనా ఆపాలి. ఆపలేదు. "పేరుతో మనకేం పని, మోగితే చాలు" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పెట్టిన డబ్బు పోతుందేమోనన్న టెన్షన్‌లో మళ్లీ డబ్బు పెట్టడం, పేకాటలో మా మావయ్యని తిట్టేది దీనికే. ట్యూనింగ్ కీలు 2,100 (తల మీద రంధ్రాలు చిన్నవైతే వాటినీ పెద్దవి చేయించాలి), బ్రిడ్జి 1,600, కొత్త తీగల సెట్టు 1,350. కొత్త బ్రిడ్జిని పాత స్క్రూ రంధ్రాల్లోనే బిగించాను. రంధ్రాలు సరిపోయాయని సంతోషపడ్డాను కూడా, అవి అసలు సరైన చోట ఉన్నాయా అని ఆలోచించకుండా.

తీగలు ఎక్కించి శ్రుతి చేశాను. విడి తీగ శ్రుతిలోనే ఉంది. 12వ మెట్టు మీద నొక్కితే శ్రుతి పైకి పోతోంది. నాలుగు తీగలూ అంతే. కీబోర్డుతో కలిపి వాయిస్తే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "ఏమైంది?" అంది. శ్రుతి పైకి పోతోందంటే తీగ పొడవు తక్కువైందని అర్థం, శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి జరపాలి. ఆఖరి దాకా జరిపాను, స్క్రూ అయిపోయింది, శ్రుతి మాత్రం దిగలేదు. అప్పుడు తీశాను టేపు. నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర నుంచి 12వ మెట్టుకి సరిగ్గా 17 అంగుళాలు. దానికి రెట్టింపు, 34 అంగుళాలు, ఆ బేస్ స్కేల్, అంటే తీగ మోగే పొడవు. శాడిల్ 34 దగ్గరో, లావు తీగకైతే ఇంకొంచెం వెనకో ఉండాలి. నాది మొత్తం వెనక్కి లాగినా 33 ముప్పావు దగ్గరే ఆగింది. అంటే ఫ్యాక్టరీలోనో, ఎవరో ఇంట్లోనో బ్రిడ్జినే ముందుకి బిగించేశారు. కొనేముందు సెల్లార్‌లో రెండు నిమిషాల టేపు పని అది.

మన వీణకైతే మెట్లు మైనం మీద కూర్చుంటాయి, స్వరం తప్పితే మైనం కరిగించి మళ్లీ మేళం కట్టించుకోవచ్చు. గిటార్ మెట్లు చెక్కలోకి దిగ్గొట్టినవి, అవి జరగవు, బ్రిడ్జి జరగాల్సిందే. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు మనది, ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు. అయినా బేస్ గిటార్ సెటప్ చేసే మనిషి నాకైతే ఇక్కడ దొరకలేదు. వైజాగ్ మళ్లీ పోవడానికి మనసు రాక, చెక్క పని తెలిసినవాళ్లే నయం అనుకుని గిటార్ వీపున వేసుకుని బొబ్బిలి బస్సెక్కాను. గొల్లపల్లిలో వీణలు చేసే ఒక పెద్దాయన దగ్గరికి.

ఆయన పనస దుంగ తొలుస్తున్నారు. పాత స్క్రూ రంధ్రాలు పూడ్చి, బ్రిడ్జిని పావు అంగుళం పైగా వెనక్కి వేయాలి తాతగారూ అని చెప్పాను. ఆయన బ్రిడ్జి వైపు చూడనేలేదు. గిటార్ ఎత్తి, తల కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, నెక్ వెంట చివరిదాకా చూశారు.

"దండి వంగిపోనాది బాబూ."

"తీగలు లాగితే కొంచెం వంగుతుంది కదా తాతగారూ, లోపల రాడ్ ఉంటుంది, బిగిస్తే సరైపోతుంది."

"అలగైతే బిగించు మరి, చూద్దాం."

తల మీదున్న చిన్న మూత విప్పాను. ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ) బిగించే నట్‌లో ఆలెన్ కీ పట్టాల్సిన ఆరు పలకల రంధ్రం ఉండాలి కదా. ఉంది, పలకలే లేవు. గుండ్రంగా అరిగిపోయి, లోపల కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది. ఎవడో చివరిదాకా బిగించి, ఇంకా తిరగకపోతే బలవంతంగా తిప్పి అరగ్గొట్టాడన్నమాట. కీ పెడితే గిర్రున తిరుగుతోంది. మొదటి మెట్టు మీదా, ఆఖరి మెట్టు మీదా లావు తీగని నొక్కిపట్టి చూస్తే, మధ్యలో ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర ఓ విజిటింగ్ కార్డు మందం సందు ఉండాలి. నాదాంట్లో రూపాయి బిళ్ల హాయిగా దూరింది. 34 అంగుళాల బేస్ మీద మామూలు సెట్టు తీగలు నాలుగూ కలిసి 75 కిలోల దాకా లాగుతాయి. అంత బరువు మీద పడితేనే నెక్ అసలు రూపం కనపడుతుంది. తీగలు లూజ్ చేసి ఎందుకు పెట్టాడో నాకు ఆ పనస పొట్టు మధ్య నిలబడి ఉండగా అర్థమైంది.

పెద్దాయన ఆ బ్రిడ్జి రంధ్రాలు పనస పుల్లలతో పూడ్చి ఇచ్చారు, డబ్బులు ఇవ్వబోతే "దీనికేటి బాబూ" అన్నారు.

నెక్ ఒక్కటీ కొత్తది వేద్దామని చివరి ఆశ. ఫెండర్ కంపెనీ కొలతలో వచ్చే బేస్ నెక్‌లు బాడీలో దిగే చివర వెడల్పు రెండున్నర అంగుళాలు, 63 మిల్లీమీటర్ల పైచిలుకు. నా బాడీలో గాడి కొలిస్తే 60. రెడీమేడ్ నెక్ దేనికీ సరిపోదు, ప్లైవుడ్ బాడీని మళ్లీ చెక్కించి, నెక్ తెప్పించి, బ్రిడ్జి మళ్లీ కొలిచి... వద్దురా బాబూ అనిపించింది. అమ్మినవాడికి ఫోన్ చేశాను. మొదటిసారి "మీరు విప్పేశాక నేనెలా సార్ తీసుకుంటాను" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. స్టిక్కర్ సంగతి ఎత్తగానే కట్ చేశాడు, తర్వాత బ్లాక్.

కాబట్టి కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక టేపు, ఆలెన్ కీల సెట్టు, ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంచుకోండి. తీగలు మీ ముందే పూర్తిగా శ్రుతికి లాగించండి, తెగితే కొత్తవి నేనే ఇస్తానని చెప్పండి, వెయ్యి చిల్లరతో పోయేది. శ్రుతిలో పెట్టి పావుగంట మాట్లాడుతూ కూర్చోండి, అప్పుడు ఒక కన్ను మూసి నెక్ వెంట చూడండి. ట్రస్ రాడ్ మూత విప్పి కీ పట్టు దొరుకుతోందో లేదో చూడండి, పావు చుట్టు అటూ ఇటూ తిరిగితే చాలు. మూత విప్పనివ్వకపోతే వచ్చేయండి. 12వ మెట్టు దాకా కొలిచి రెట్టింపు చేసి శాడిల్ ఎక్కడుందో చూడండి. పికప్ గుంటలు, నెక్ గాడి కొలతలు రాసుకోకుండా ఒక్క పార్టు కూడా ఆర్డర్ పెట్టకండి. ప్లైవుడ్ బాడీ అయినా ఫరవాలేదు, వైరింగ్ చెత్తగా ఉన్నా ఫరవాలేదు, గీతలు, రంగు, తుప్పు పట్టిన కీలు, వీటన్నిటికీ మందు ఉంది. చచ్చిన ట్రస్ రాడ్‌కి మన దగ్గర మందు లేదు. ఇంకొకటి, నాలాగా మీకు వచ్చిన పనితో మొదలుపెట్టకండి. నాకు టంకం వచ్చు కాబట్టి టంకంతో మొదలుపెట్టాను, నెక్ గురించి తెలియదు కాబట్టి దాన్ని చివరికి తోశాను. మూడు వారాల సరదా పని అయ్యాక తెలిసింది, పని చేసింది శవం మీద అని.

పికప్‌లు, పాట్‌లు, కీలు, బ్రిడ్జి విప్పి డబ్బాలో పెట్టాను, ఎవరైనా కొలతలు సరిపోయి అడిగితే సగానికి ఇచ్చేస్తాను. ఉత్త బాడీ షాపు గోడకి వేలాడుతోంది, వచ్చినవాళ్లంతా "గిటార్ నేర్పిస్తారా అన్నా?" అని అడుగుతున్నారు.

నిన్న రాత్రి మా తమ్ముడి ఫోన్‌లో అదే యాప్ తెరిచి చూశాను. అదే సెల్లార్ గచ్చు, అదే నీలం గోడ, ఈసారి ఎర్ర బేస్, 8,000. ఫొటో పెద్దది చేసి చూస్తే తీగలు నెక్ మీద బట్టలారేసే తాడులా వేలాడుతున్నాయి.