రన్నింగ్ షూస్ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు హెచ్చరిక: డబ్బా కొత్తదే, లోపలి జతే పాతది

సగం ధరకు వస్తున్నాయని రన్నింగ్ షూస్ కార్ట్‌లో వేసి పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. నాకు వచ్చిన జత నకిలీ కాదు, అసలు కంపెనీదే. డబ్బా చెక్కుచెదరలేదు, లోపల కాగితం మడత కూడా విప్పలేదు. అయినా పరుగుకు పనికిరాని సరుకు. వాపసు ఇస్తానంటే "తీసుకోం" అన్నారు. నకిలీల గురించి అందరూ చెబుతారు గానీ ఈ రకం దెబ్బ గురించి చెప్పేవాళ్లు తక్కువ.

జరిగింది ఇదీ. నాకు బాగా కుదిరిన మోడల్ ఒకటి అరిగిపోయింది. అదే పేరు, అదే సైజు ఒక పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో, అంటే రకరకాల సెల్లర్లు సరుకు అమ్ముకునే సైటులో, భారీ తగ్గింపుతో కనిపించింది. రేటింగ్ బ్రహ్మాండంగా ఉంది, రివ్యూలకు లెక్కే లేదు. జత వచ్చాక ఇంట్లో వేసుకుని నడిస్తే ఏ తేడా తెలియలేదు. రోడ్డు మీద పరుగు మొదలుపెట్టాక తెలిసింది. మడమ కింద ఫోమ్ అణగడమే లేదు, చెక్క చెప్పులు వేసుకుని పరిగెత్తినట్టుంది. పిక్కలు పట్టేశాయి. కొద్ది రోజులకే బొటనవేలి దగ్గర అడుగు రబ్బరు ఊడి నోరు తెరిచింది. అప్పుడు టంగ్ (లేసుల కింద ఉండే నాలుక లాంటి పట్టీ) లోపల కుట్టిన చిన్న లేబుల్ తిరగేసి చూశాను. తయారీ తేదీ కొన్నేళ్ల కిందటిది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "అమ్మింది మేం కాదండీ, సెల్లర్‌తో మాట్లాడండి" అన్నారు. సెల్లర్ ఏమో అడుగున మట్టి ఉన్న ఫొటో చూసి "బయట వాడేశారు, రిటర్న్ కుదరదు" అన్నాడు. తయారీ తేదీ సంగతి అడిగితే, అది ఎంత పాతదై ఉండకూడదో వాళ్ల పాలసీలో ఎక్కడా లేదట. నిజమే, నేనూ చదివాను, లేదు. కార్డు బ్యాంకులో వివాదం నమోదు చేశాను, జవాబు ఇంకా రాలేదు.

షూకి వయసు మొదలయ్యేది మనం కొన్న రోజున కాదు, అది తయారైన రోజున. మామూలు రన్నింగ్ షూస్‌లో మిడ్‌సోల్, అంటే పాదానికీ అడుగు రబ్బరుకూ మధ్య ఉండే మెత్తటి పొర, ఎక్కువగా ఈవీఏ అనే ఫోమ్‌తో చేస్తారు. దాని మెత్తదనమంతా లోపలి సన్నటి గాలి బుడగల్లో ఉంటుంది. ఏళ్ల తరబడి వేడి గోదాములో పడి ఉంటే ఫోమ్ గట్టిపడుతుంది, అణిగి మళ్లీ పైకి లేచే గుణం తగ్గుతుంది. భాగాలను అతికించిన జిగురు కూడా ఎండి పట్టు వదిలేస్తుంది. పాలీయురేథేన్ అనే ఇంకో రకం ఫోమ్ వాడిన పాత రకాలైతే ఇంకో తంటా ఉంది. గాలిలోని తేమ ఆ పదార్థంలోని అణువుల గొలుసులను తెంపేస్తుంది కాబట్టి, ఒక్కసారి కూడా తొడగని జత సైతం పొడిపొడిగా రాలిపోవచ్చు. ఇవేవీ ఫొటోలో కనిపించవు. పైబట్ట మెరుస్తూనే ఉంటుంది.

అలాగని పాత స్టాకంతా చెత్త అనడం లేదు. కొత్త వెర్షన్ రాగానే పాతదాన్ని తగ్గించి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. చల్లటి చోట పొడిగా దాచిన ఏడాది, ఏడాదిన్నర నాటి జత హాయిగా కొనుక్కోవచ్చు. సరుకు ఎప్పటిదో చెప్పకుండా అమ్మడమే నాకు మండిన విషయం.

మోడల్ పేరు చూసి నమ్మకండి. నైకీ పెగాసస్‌నే తీసుకోండి. ఆ షూ మీద నాకు ఫిర్యాదేమీ లేదు, అందరికీ తెలిసిన పేరని చెబుతున్నానంతే. 1983 నుంచి అదే పేరుతో వస్తోంది. 2023లో వచ్చింది 40వ వెర్షన్, 2024లో వచ్చింది 41. ఆ ఒక్క ఏడాది తేడాలోనే మిడ్‌సోల్ ఫోమ్ రియాక్ట్ నుంచి రియాక్ట్ఎక్స్‌కి మారింది. అన్ని కంపెనీలదీ ఇదే వరస. పేరు ఉంటుంది, లోపల షూ మారుతుంది. మార్కెట్‌ప్లేస్‌లలో చాలాసార్లు వెర్షన్ నంబరు రాయకుండానే పెడతారు, అన్ని వెర్షన్ల రివ్యూలూ ఒకే పేజీ కింద పోగేస్తారు. మీరు చదివే పొగడ్త మీకు రాబోయే షూ గురించి అయ్యుండకపోవచ్చు. నమ్మదగింది స్టైల్ కోడ్ ఒక్కటే, అంటే ఆ షూ సరిగ్గా ఏదో చెప్పే కంపెనీ నంబరు. డబ్బా మీదా, టంగ్ లేబుల్ మీదా రెండు చోట్లా ఉంటుంది. రెండూ కలవకపోతే అక్కడే ఆగిపోండి.

సైజుల గోల వేరే. యూకే, యూఎస్ కొలతల్లో ఒక సైజుకీ తర్వాతి సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. ఈయూ కొలతలో 6.7 మిల్లీమీటర్లు. ఈ మెట్లు ఒకదానికొకటి సరిపోవు కాబట్టి మార్పిడి పట్టికను ప్రతి కంపెనీ తనకు తోచినట్టు సర్దుకుంటుంది. ఒక కంపెనీ యూకే 8ని యూఎస్ 9 అంటే ఇంకో కంపెనీ 8.5 అంటుంది. వెడల్పు సంగతి చాలామంది చూడనే చూడరు. మగవాళ్ల షూస్‌లో డీ అంటే మామూలు, 2ఈ వెడల్పు, 4ఈ ఇంకా వెడల్పు. ఆడవాళ్ల షూస్‌లో బీ మామూలు, డీ అంటేనే వెడల్పు. అక్షరం ఒకటే, కొలత వేరు. ఆన్‌లైన్ పేజీలో వెడల్పు రాయలేదంటే, చిటికెన వేలు నొక్కుకుపోయాక గానీ సంగతి తెలియదు.

ఇక రన్నింగ్ షూస్ మాత్రమే అమ్మే దుకాణాల మాట. అక్కడ ధర ఎక్కువే. కానీ పాదాన్ని కొలిచి ఇస్తారు. బ్రానక్ పరికరం అని లోహపు పలక ఒకటి ఉంటుంది. మడమ నుంచి వేలి కొస దాకానే కాదు, మడమ నుంచి బొటనవేలి మొదలు దాకా కూడా కొలుస్తుంది, వెడల్పు సరేసరి. రెండు పాదాలూ కొలిపించుకోండి, చాలామందికి రెండూ ఒక్కలా ఉండవు. పాదాలు పొద్దున్నకంటే సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి, పరుగులో ఇంకా ఉబ్బుతాయి. అందుకే సాయంత్రం వెళ్లండి, పరుగుకు వాడే సాక్స్ పట్టుకెళ్లండి. కాలి వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ జారకూడదు. నాలుగడుగులు పరిగెత్తి చూడనివ్వని దుకాణమైతే ఆ ఎక్కువ ధర కట్టడం దండగ.

అక్కడ చెప్పేదంతా వేదవాక్కనుకోవద్దు కూడా. ట్రెడ్‌మిల్ మీద నడిపించి, వీడియో తీసి, "మీ పాదం లోపలికి వాలుతోంది, మీకు స్టెబిలిటీ షూస్ తప్ప కుదరదు" అని గంభీరంగా చెబుతారు. పాదం అలా వాలకుండా ఆపుతాయని అమ్మే రకం అవి. అమెరికా సైనిక శిక్షణార్థుల మీద నేపిక్ అనే పరిశోధకుడి బృందం చేసిన అధ్యయనాలు 2009, 2010లో వచ్చాయి. పాదం ఆకారాన్ని బట్టి షూస్ కేటాయించినవాళ్లకూ, అందరికీ ఒకే రకం ఇచ్చినవాళ్లకూ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాలికి ఏది హాయిగా ఉందో దాన్నే నమ్మమని, శరీర కదలికల మీద పరిశోధన చేసే బెన్నో నిగ్ 2015లో వాదించారు. నాకూ అదే సబబనిపిస్తుంది. దుకాణంలో మనం కొనేది ఆ వీడియో తీర్పును కాదు, నాలుగు జతలు పక్కపక్కన వేసి చూసుకునే వీలుని. కౌంటరు దగ్గర అంటగట్టే ఇన్‌సోల్స్‌కి (షూ లోపల వేసుకునే అట్టలు) మొహమాటం లేకుండా వద్దనండి. టంగ్ లేబుల్ మాత్రం అక్కడా చూడండి, పాత స్టాకు వాళ్ల దగ్గరా ఉంటుంది.

అక్కడ గంటసేపు జతలన్నీ తొడిగి చూసి, బయటికొచ్చి ఫోన్‌లో చవగ్గా ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు. ఎవరిష్టం వాళ్లది, నాకైతే మనసొప్పదు.

ఆన్‌లైన్‌లోనే కొనాలనుకుంటే కంపెనీ సొంత సైటులోనో, రన్నింగ్ సరుకు మాత్రమే అమ్మే సైటులోనో కొనండి. మార్కెట్‌ప్లేస్ అయితే సైటు పేరు కాదు, సెల్లర్ పేరు చూడండి. డబ్బా విప్పుతూ వీడియో తీసి, ముందుగా లేబుల్ ఫొటో పెట్టుకోండి. మిడ్‌సోల్ పక్కన బొటనవేలితో నొక్కండి, అణిగి తిరిగి లేవాలి. సన్నటి ముడతలు, పసుపుబారిన జిగురు గీతలు కనిపిస్తే తొడగకుండానే వాపసు పంపండి. ట్యాగులు తీయకుండా ఇంట్లో శుభ్రమైన నేల మీదో, ట్రెడ్‌మిల్ మీదో పరిగెత్తి తేల్చుకోండి. అడుగుకు మట్టి అంటిందంటే మీ మాట ఎవరూ వినరు.

ప్రతి మోడలూ, ప్రతి రంగూ, ప్రతి సైజూ దొరుకుతాయంటూ నమ్మలేనంత తగ్గింపు చూపించే సైట్లు ఇంకో రకం. కంపెనీ పేరు పక్కన అవుట్‌లెట్ అనో సేల్ అనో తగిలించిన వెబ్ చిరునామా ఉంటుంది, కార్డు తీసుకోరు, డబ్బు నేరుగా ఖాతాకి పంపమంటారు. వాటి జోలికే వెళ్లకండి.

మోడల్ ఆపేస్తున్నారని తెలిసి నాలుగైదు జతలు ఒకేసారి కొని అటకెక్కించేవాళ్లకు కూడా ఒక మాట. ఒక జత సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుందంటారు. మీరు నెలకు ఎంత పరిగెత్తుతారో లెక్కేసుకుని ఏడాదికి సరిపడా మాత్రమే కొనండి. గోదాములో గట్టిపడే ఫోమ్ మీ అటక మీదా గట్టిపడుతుంది, అప్పుడు వాపసు తీసుకోమని అడగడానికి సెల్లర్ కూడా ఉండడు.