బోర్డు లెక్కలా, బల్ల మీద ప్రయోగమా, ముందే ఊహించడమా: భౌతికశాస్త్రం చెప్పడానికి ఏది మేలు?

పదో తరగతి పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి. ఒకే రకం టార్చి బల్బులు రెండు ఒకదాని వెనక ఒకటి కలిపి సెల్లుకి తగిలిస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది? ఓం నియమం గడగడా అప్పజెప్పేవాళ్లలోనూ చాలామంది ప్లస్ కొసకి దగ్గరున్నదే అంటారు. కరెంటు ముందు దానికి అందుతుందట, కొంత అక్కడే ఖర్చయిపోతుందట. నిజానికి రెండూ ఒకేలా వెలుగుతాయి. ఆ తోవలో ప్రవాహం ఎక్కడా తగ్గదు.

బోర్డు మీద సూత్రం రాసి లెక్కలు చేయిస్తే పీరియడులో నాలుగైదు అయిపోతాయి. లెక్క అడుగులు అలవాటు కావడానికి ఇదే దగ్గరి దారి, పరీక్షకీ పనికొస్తుంది. కానీ ఆ అపోహ కదలదు. లెక్క చెయ్యడానికి దాన్ని బయటపెట్టాల్సిన పనే లేదు మరి. 1998లో భౌతికశాస్త్ర ఆచార్యుడు రిచర్డ్ హేక్ అమెరికాలో 6 వేలకు పైగా విద్యార్థుల యాంత్రికశాస్త్ర (బలం, చలనాల పాఠాల) ఫలితాలు పోల్చాడు. మొదట్లో తెలియనిదానిలో ఉపన్యాస తరగతులు సగటున 23 శాతం పూడ్చితే, పిల్లలచేత ఆలోచింపజేసి చర్చింపజేసినవి 48 శాతం పూడ్చాయి.

టీచరు బల్ల మీద చేసి చూపించడం అందరికీ ఇష్టం. చిక్కూ అక్కడే. భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ బృందం హార్వర్డ్‌ విశ్వవిద్యాలయంలో పరిశీలించి 2004లో ప్రచురించింది: ప్రయోగాన్ని ఊరికే చూసినవాళ్లు, అసలు చూడనివాళ్లకంటే మెరుగేమీ కాలేదు. ముందే ఊహించి చెప్పి, తర్వాత చూసినవాళ్లకి ఎక్కువ బోధపడింది.

అందుకే నా ఓటు ఊహించడానికే. బోర్డు మీద బొమ్మ గీసి 1, 2, 3 అని అంకెలేసి మూడు జవాబులివ్వండి. ఎవరి జవాబు వాళ్లు నోటుబుక్కులో రాసుకున్నాక, అందరూ ఒక్కసారే తమ జవాబు అంకెకి తగ్గన్ని వేళ్లు గుండెకి ఆనించి చూపించాలి, పక్కవాడికి కనబడకుండా. సరైనవి 30 శాతంలోపుంటే పాఠం మళ్లీ చెప్పాలి. 70 దాటితే ముందుకి పోవచ్చు. మధ్యలో ఉంటే రెండు మూడు నిమిషాలు పక్కవాళ్లతో వాదించుకోనిచ్చి, మళ్లీ వేళ్లు అడిగి, అప్పుడే స్విచ్చి వెయ్యండి. ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన పిల్లలుంటారు. ఆ వాదన ఇంటి మాటలోనే సాగనివ్వండి, సాంకేతిక పదాలు బోర్డు మీద బడి భాషలో ఉంటే చాలు.

సామాను: 1.5 వోల్టుల కొత్త సెల్లులు రెండు, 2.5 వోల్టుల ఫిలమెంటు బల్బులు మూడు, హోల్డర్లు, తీగలు. ఎల్‌ఈడీలు వద్దు: తిరగేస్తే వెలగవు, రెండు తెల్లవి వరుసగా పెడితే 3 వోల్టులు చాలవు. బల్బులు మూడూ ఒకే రేటింగువి కావాలి. లేకపోతే ఒకటి మసకగా వెలిగి, “చూశారా, కరెంటు ఖర్చయింది” అన్నవాడే గెలుస్తాడు. అనుమానం వస్తే రెండిటి స్థానాలు మార్చండి. మసక వెలుగు బల్బుతోపాటే జరిగితే తేడా బల్బుదే.

సమాంతరంగా ఇంకో బల్బు కలిపేటప్పుడు పాత సెల్లు ఇంకా ప్రమాదం. దాని అంతర్నిరోధం (సెల్లు లోపలే కరెంటుకి ఉండే అడ్డు) వల్ల మొదటి బల్బు కూడా మసకబారుతుంది, సెల్లు ఎప్పుడూ ఒకే కరెంటిచ్చి పంచుతుందని పిల్లలు ఖాయం చేసుకుంటారు. వెలుగు చూసి ఓం లెక్క కట్టించకండి, ఫిలమెంటు వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది.

ఇలా చేస్తే పీరియడుకి ఒకటి రెండు భావనలే నడుస్తాయి, నిజమే. కాబట్టి అపోహలు బలంగా ఉన్న పాఠాలకి, అంటే విద్యుత్తు, బలం, చలనాలకి, మొదటి పీరియడు దీనికిచ్చి మిగతావి బోర్డు లెక్కలకి వదిలెయ్యండి. బల్బులు దొరకని రోజు బొమ్మా వేళ్లూ వాదనా అయినా మానొద్దు.