టచ్ ప్యానెల్ ఇండక్షన్ స్టవ్: రెండేళ్లు వాడాక

బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఫ్లాట్ మాది. సిలిండర్ ఆలస్యమైనప్పుడల్లా పడే టెన్షన్ భరించలేక ఈ 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ కొన్నాం. రెండేళ్లు దాటింది, రోజూ వాడుతున్నాం. వేడి విషయంలో వంక పెట్టడానికి లేదు. పాలు, టీ, చారు ఇట్టే అవుతాయి. ఇనప పెనం మీద దోశ బాగా వస్తుంది. కరెంటు పోతే పొయ్యి లేనట్టే, అది తెలిసే కొన్నాం.

నా గొడవంతా పైనున్న నల్లగాజుతో. మొత్తం ఒకటే నున్నటి పలక. సన్నటి తెల్ల అక్షరాలు కంటికి ఏదో చెబుతాయి గానీ వేలికి ఏమీ చెప్పవు. అనంతపురం నుంచి వచ్చిన మా అత్తయ్య దాన్ని నాలుగు వైపులా తడిమి, "ఇది యాడ తిప్పాలమ్మా?" అని అడిగారు.

సరైన ప్రశ్నే. గ్యాస్ పొయ్యి నాబ్ చూస్తేనే తిప్పాలని తెలుస్తుంది. కూర తరుగుతూ, అటు చూడకుండానే, నాబ్ ఎటు తిరిగి ఉందో తాకి మంట సిమ్‌లో ఉందో లేదో చెప్పొచ్చు. ఒక వస్తువుతో మనం ఏం చేయగలమో దాన్ని చూడటంలోనే తెలిసిపోతుందని జేమ్స్ గిబ్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1979లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. చేతికీ తక్కువ తెలివి లేదు. 1985లో అచ్చయిన ఒక ప్రయోగంలో కళ్లకు గంతలు కట్టి ఇళ్లలో వాడే 100 వస్తువులు చేతికిస్తే, జనం నూటికి 96 సరిగ్గా చెప్పారు, చాలావరకు ఐదు సెకన్లలోపే. అలాంటి చేతికి ఈ ప్యానెల్ మీద దొరికేది సున్నా.

తడిచేతితో ఇంకా కష్టం. ఈ కీలు నొక్కుడును కాదు, వేలు తెచ్చే చిన్న విద్యుత్ మార్పును పసిగడతాయి. నీళ్లూ అలాంటి మార్పే తెస్తాయి. పాలు పొంగి ప్యానెల్ మీదికొచ్చాయంటే, సరిగ్గా ఆపాల్సినప్పుడే ఆఫ్ కీ పలకదు. ప్లగ్గు దగ్గర స్విచ్చు ఆపడమే దారి. ఆపాక కూడా గాజు సురసురమంటుంది. పొయ్యి వేడిచేసేది గిన్నెనే అయినా, గిన్నె వేడి గాజుకెక్కుతుంది. చల్లగా ఉన్నా కాలుతున్నా చూడటానికి ఒకేలా ఉంటుంది.

గిన్నెలదీ అదే కథ. పక్కపక్కన పెడితే కవలల్లా ఉండే రెండు స్టీలు గిన్నెల్లో ఒకటి వేడెక్కుతుంది, రెండోదానికి స్టవ్ బీప్‌మని ఏడుస్తుంది. కన్నూ చేయీ పనికిరావు, ఫ్రిజ్ మాగ్నెట్ అడుగుకి అంటుకుంటే సరి. సత్తు గిన్నెలు, ఇత్తడివి అటకెక్కాయి.

'కర్రీ', 'దోశ' బటన్లు ఎవరి కోసమో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆఫ్ కీ సంగతి అత్తయ్యే తేల్చారు. రాళ్ల స్టిక్కర్ బొట్టు ఒకటి దాని పక్కన అంటించారు. కీ మీద అంటిస్తే వేలు సరిగ్గా తగలదు, పక్కనైతే బొట్టును తడిమి వేలు కాస్త జరిపితే చాలు. ఇప్పుడు ఆవిడ కళ్లజోడు లేకుండానే ఆపేస్తారు. తుడిచి తుడిచి రాళ్లు ఊడితే కొత్తది పెడతాం.

వంటకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ప్యానెల్‌కి ఒకటి. కొనేవాళ్లు షాపులోనే కళ్లు మూసుకుని ఆఫ్ ఎక్కడుందో వెతికి చూడండి. దొరక్కపోతే నాబ్ ఉన్న మోడల్ చూపించమనండి, ఇండక్షన్‌లో అవీ ఉన్నాయి.