కన్నౌజ్ అత్తరు బట్టీల దగ్గర రెండు రోజులు

నాలుగేళ్లుగా పడుకునే ముందు దిండు మీద రెండు చుక్కల లావెండర్ తైలం వేసుకుంటున్నాను. నిద్రకు సాయపడుతుందనే నా అనుభవం. అయితే ఆ చుక్క పువ్వులోంచి బయటికి ఎలా వస్తుందో ఎన్నడూ చూడలేదు. ఆ కోరికతోనే మార్చిలో ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ వెళ్లాను. ఒకప్పుడు హర్షవర్ధనుడు ఏలిన ఊరు. ఇప్పుడు అత్తరుకు పేరు.

బస సంగతి ముందు చెబుతాను. ఊళ్లో దిగిన లాడ్జిలో దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, వేడినీళ్లు అడిగి అడిగి విసిగిపోయాను. రెండో రాత్రి కాన్పూర్‌కు మారాను, గది శుభ్రంగా ఉంది. కానీ గులాబీలు బట్టీకి వచ్చేది తెల్లవారుజామున. ఎండెక్కితే వాసన తగ్గుతుందని సూర్యోదయానికే కోస్తారు. ఆ బస్తాలు విప్పడం చూడాలంటే ఊళ్లో ఉండక తప్పదు. ఆ ఒక్క ఉదయం కోసం చెమ్మ దుప్పటి భరించవచ్చు.

బట్టీలో డేగ్ అనే పెద్ద రాగి బానలో రేకులు, నీళ్లు పోసి మూత పెట్టి, అంచు చుట్టూ బంకమట్టి, దూది కలిపి మెత్తారు. తాడు చుట్టిన వెదురు గొట్టం ఆవిరిని నీటి తొట్టిలో ఉన్న భప్కా అనే పాత్రలోకి తీసుకెళుతుంది. అందులో ముందే చందన తైలం పోసి ఉంటుంది. గులాబీ ఆవిరి అక్కడ చల్లబడి చందనంలో ఇంకుతుంది. పనివాడి దగ్గర కొలిచే పరికరమేదీ లేదు. తొట్టిలో చేయి పెట్టి భప్కాను తడిమి చూశాడు, వెంటనే తడిగుడ్డతో డేగ్‌ను తుడిచి ఆవిరి తగ్గించాడు. ఆ చేతిని చూస్తూ ఒక గంట అక్కడే నిలబడ్డాను.

అక్కడే ఒక తేడా తెలిసింది. చందనంలో ఇంకింది అత్తరు. ఏదీ కలపకుండా తీసిన తైలం రూహ్. అరోమాథెరపీలో మనం వాడే సుగంధ తైలాలు ఈ రెండో రకానికి దగ్గర. కిలో గులాబీ తైలానికి మూడు నాలుగు టన్నుల పూలు కావాలి, అందుకే చౌకగా దొరికే ‘స్వచ్ఛమైన గులాబీ తైలం’ నమ్మదగింది కాదు. బజారులో ఒక దుకాణం అలాంటిదే అంటగట్టబోయింది. ఇందులో కలిపింది చందన తైలమా, పెట్రోలియం నుంచి తీసే పారఫినా అని అడిగితే మాట మార్చారు. బట్టీ ఉన్నవారి దగ్గర కొనడమే మేలు. వారు వాసన చూపించి, చేతి మీద రాసి, గంట తర్వాత మళ్లీ చూడమన్నారు. పై వాసన తేలిపోయాక మిగిలేదే అసలు గుణమట.

1991లో ఏర్పాటైన సుగంధ, రుచుల అభివృద్ధి కేంద్రాన్ని కూడా ముందుగా అనుమతి అడిగి చూశాను. నేర్చుకోవాలనుకునేవారికి తప్పక ఉపయోగం, ఊరికే చూడడానికైతే బట్టీయే బాగుంటుంది.

కొత్తగా తైలాలు మొదలుపెట్టేవారికి ఒక జాగ్రత్త. నేరుగా ఒంటికి రాయకండి. 30 మిల్లీలీటర్ల కొబ్బరి లేదా నువ్వుల నూనెకు పది పన్నెండు చుక్కలు చాలు. ముందు మోచేతి లోపల రాసి ఒకరోజు ఆగండి. లోపలికి తీసుకోవద్దు. గర్భిణులు, పసిపిల్లల విషయంలో వైద్యుడిని అడగకుండా వాడవద్దు.

చివరగా మట్టి అత్తరు వాసన చూపించారు. కాల్చిన మట్టి బిళ్లలను ఇలాగే డేగ్‌లో వేసి తీస్తారట. మూత తీయగానే తొలకరి చినుకు పడ్డ నేల ముందు నిల్చున్నట్టైంది. దాన్ని వేసవిలో కాస్తారని చెప్పారు. మే నెలకు మళ్లీ టికెట్ తీసుకున్నాను, ఈసారి బస కాన్పూర్‌లోనే, ఒక్క తెల్లవారుజాముకు మాత్రం కారు ముందే మాట్లాడుకుని.