మల్టీమీటర్ డయోడ్ రేంజ్: రెక్టిఫయర్‌కు పూర్తిగా, షాట్కీకి సగమే

9 వోల్టుల బ్యాటరీతో నడిచే మామూలు పసుపు మీటరును అనంతపురం చుట్టుపక్కల చార్జర్లు, ఎస్‌ఎంపీఎస్‌లు (స్విచింగ్ పవర్ సప్లైలు), సోలార్ పంపు ప్యానెళ్ల మీద ఏళ్లుగా వాడాక రాస్తున్న సమీక్ష ఇది. దీని డయోడ్ రేంజ్ షార్టయినదాన్ని, ఓపెనయినదాన్ని తప్పకుండా పట్టిస్తుంది. లీకయ్యే, అంటే తిరగేసినా కొంత కరెంటు వదిలే, షాట్కీని (తక్కువ వోల్టేజీ పడే డయోడ్ రకం) మాత్రం చాలాసార్లు మంచిదే అంటుంది.

ఈ రేంజ్‌లో మీటరు సుమారు 1 మిల్లీఆంపు పంపి, డయోడ్ మీద ఎన్ని మిల్లీవోల్టులు నిలిచాయో చూపిస్తుంది. ఎర్ర ప్రోబ్ ఆనోడ్‌కు, నల్లది గీత ఉన్న కాలికి పెట్టాలి. మామూలు రెక్టిఫయర్ డయోడ్లలో 1ఎన్4007కు 550–600, 1ఎన్5408కు 500 దరిదాపు వస్తుంది. షాట్కీలు 150–300 మధ్య ఉంటాయి. 1ఎన్5822 లాంటి 40 వోల్టులవి కింది అంచున, 100 వోల్టులవి పై అంచున. ప్రోబులు తిప్పితే ఎడమవైపు 1 ఒక్కటే కనిపించాలి. రెండువైపులా సున్నా దగ్గరుంటే షార్టు, రెండువైపులా 1 వస్తే ఓపెన్.

ఈ అంకెలు 25 డిగ్రీలకు. మన ఎండల్లో అవి దిగుతాయి: డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు. మే నెలలో 43 డిగ్రీల షెడ్డులో 1ఎన్4007 రీడింగు 35 దాకా తగ్గిందంటే అది పాడైనట్టు కాదు. సోల్డర్ తీసిన వెంటనే కొలిచినా ఇదే తేడా. డయోడ్ చల్లారనివ్వండి.

చీనీ తోటల్లోని సోలార్ మోటార్ల దగ్గర ఇది బాగా పనికొస్తుంది. 60 సెల్లుల ప్యానెల్ జంక్షన్ బాక్సులో సాధారణంగా మూడు బైపాస్ (నీడ పడ్డ సెల్లులను దాటించే) షాట్కీలుంటాయి, ఒక్కోదాని కింద 20 సెల్లులు. ముందు కంట్రోలర్ ఆపండి, ఆ తర్వాతే కనెక్టర్ ఊడదీయండి. కరెంటు పారుతుండగా లాగితే ఆర్క్ వస్తుంది. ఎండలో డయోడ్ రేంజ్ వాడకండి, డీసీ వోల్టుల రేంజ్ పెట్టి ఒక్కో డయోడ్ మీద కొలవండి. 12 వోల్టుల దగ్గర వస్తే అది షార్టు కాలేదు. సున్నా వస్తే షార్టయినట్టే, ప్యానెల్ మొత్తం వోల్టేజీ కూడా 37 నుంచి 25కు పడిపోయి ఉంటుంది. ఓపెనయిన డయోడ్ ఈ కొలతకు దొరకదు. చీకటిపడ్డాక, లేదా ప్యానెల్‌ను మందపాటి దుప్పటితో పూర్తిగా కప్పి, డయోడ్ రేంజ్‌లో చూస్తేనే బయటపడుతుంది. సోల్డర్ తీయక్కర్లేదు. చీకట్లో ఉన్న సెల్లులు ఈ రీడింగుకు అడ్డం రావు.

ఎస్‌ఎంపీఎస్‌లో అలా కుదరదు. ముందు 400 వోల్టుల కెపాసిటర్‌ను 10 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేయాలి. ఔట్‌పుట్‌లోని ఎంబీఆర్20100సీటీ (ఒకే భాగంలో రెండు షాట్కీలు) రెండు ఆనోడ్‌లనూ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ కలిపేస్తుంది కాబట్టి, ఒక సగం షార్టయినా రెండూ షార్టయినట్టే చూపిస్తుంది. భాగాన్ని బయటికి తీసి కొలవడం తప్ప వేరే దారి లేదు.

ఇక మీటరు చేతకానిచోట. లీకేజీ చూడటానికి డయోడ్‌ను 12 వోల్టులకు తిరగేసి (గీత ఉన్న కాలు ప్లస్‌కు), వరసలో 10 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి, రెసిస్టర్ మీద వోల్టేజీ కొలుస్తాం. 1 వోల్టు వస్తే లీకేజీ 0.1 మిల్లీఆంపు. 1ఎన్4007 దాదాపు సున్నా చూపాలి. షాట్కీకి కొంత లీకేజీ సహజమే, వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. అందుకే అదే నంబరు కొత్త డయోడ్‌ను పక్కన పెట్టి, ఒకే వేడిలో రెండూ పోల్చాలి. లోడ్ పరీక్షకు డయోడ్‌కు వరసలో 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు చాలు, సుమారు 1.75 ఆంపులు లాగుతుంది. బల్బు వెలుగుతుండగా డయోడ్ మీద 1ఎన్5822కు అర వోల్టులోపు, 1ఎన్5408కు ఒక వోల్టులోపు రావాలి. లోపల చిన్న చిప్ పెట్టి పెద్ద నంబరు అచ్చేసిన నకిలీలు డయోడ్ రేంజ్‌లో బాగానే కనిపించి, ఇక్కడ దొరికిపోతాయి. ఈ రెండు పరీక్షలకూ అవే ప్రోబులు, అదే మీటరు. ఖర్చల్లా ఒక బల్బు, ఒక రెసిస్టర్.

ఇలాంటి మీటరులో తరచూ పోయేవి ప్రోబు వైర్లు, మెడ దగ్గర లోపలే తెగుతాయి. పరీక్షకు ముందు రెండు మొనలూ తాకించి సున్నా దగ్గర నిలకడగా ఉందో లేదో చూడండి. బ్యాటరీ గుర్తు వెలిగితే వోల్టులు ఎక్కువ చూపుతుంది, అప్పుడు ఏ డయోడ్‌నూ తీసి పారేయకండి. అంకెలు గంతులేస్తుంటే తిప్పే స్విచ్ కింది రాగి పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, మన దుమ్ముకు ఇది తప్పదు. యూఎఫ్4007కూ (త్వరగా ఆగే డయోడ్) 1ఎన్4007కూ ఉన్న వేగం తేడా ఈ మీటరుకు తెలియదు. ఎస్‌ఎంపీఎస్ సెకండరీలో పెట్టేముందు డయోడ్ మీది నంబరును భూతద్దంతో చదవాల్సిందే.