బ్లూటూత్ ట్యాగా, జీపీఎస్ ట్రాకరా: ఏది మేలు?

పోతే వెతుక్కోవడానికి తాళాలకో సూట్‌కేసుకో ఏ ట్యాగ్ తగిలించాలని ఎవరడిగినా, ముందు మీ ఫోన్ ఏదో చెప్పమంటాను. సగం జవాబు అక్కడే తేలిపోతుంది.

బ్లూటూత్ ట్యాగ్‌లో జీపీఎస్ ఉండదు. చాలామంది ఉందనే అనుకుంటారు. అది చేసేదల్లా చిన్న సిగ్నల్ పంపుతూ ఉండటమే. పక్కనుంచి వెళ్లే ఎవరి ఫోనో దాన్ని అందుకుని, అది ఎక్కడుందో మనకు చేరవేస్తుంది. ఆ ఫోన్ ఎవరిదో మనకూ తెలియదు, ట్యాగ్ ఎవరిదో వాళ్లకూ తెలియదు. కాబట్టి ట్యాగ్ కంటే, దాన్ని పట్టుకోగల ఫోన్లు చుట్టూ ఎన్ని ఉన్నాయన్నదే ముఖ్యం.

ఐఫోన్ ఉంటే ఆపిల్ వాళ్ల ట్యాగ్ ఎయిర్‌ట్యాగ్ తీసుకోండి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఐఫోన్ 11 నుంచి చాలా మోడళ్లలో అల్ట్రా వైడ్‌బ్యాండ్ ఉంది, అంటే దగ్గర్లోని వస్తువు దిశ, దూరం కచ్చితంగా పట్టే రేడియో. సోఫా సందులో పడ్డ తాళాలైనా సరే, స్క్రీన్ మీద బాణం, దూరం చూపిస్తూ వాటి దగ్గరికే తీసుకెళ్తుంది. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18.2 నుంచి, పోయిన బ్యాగ్ లొకేషన్‌ను లింకు రూపంలో ఎయిర్‌లైన్‌కు పంపే వీలూ వచ్చింది. తరచూ విమానం ఎక్కేవాళ్లకు ఇదొక్కటే చాలు. లోటు ఒకటుంది: తగిలించుకోవడానికి రంధ్రం లేదు, హోల్డర్ విడిగా కొనాలి.

ఆండ్రాయిడ్ ఫోన్‌తో ఎయిర్‌ట్యాగ్‌ను సెటప్ చేయలేం. ఆండ్రాయిడ్ వాళ్లకు, ఇలాగే చుట్టూ ఉన్న ఫోన్లతో వస్తువులు వెతికే గూగుల్ నెట్‌వర్క్ 2024లో మొదలైంది. చిపోలో, పెబుల్‌బీ కంపెనీల ట్యాగులు దానితో పనిచేస్తాయి. కొన్న రోజే ఒక పని చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఈ నెట్‌వర్క్ మామూలుగా రద్దీ ప్రదేశాలకే పరిమితమై ఉంటుంది, దాన్ని అన్ని ప్రదేశాలకూ మార్చండి. అందరూ మారిస్తే అందరి వస్తువులూ త్వరగా దొరుకుతాయి. శాంసంగ్ స్మార్ట్‌ట్యాగ్2 గెలాక్సీ ఫోన్లతోనే పనిచేస్తుంది.

ఇక దొంగతనం సంగతి. ట్యాగులతో మనుషుల వెంటపడే దుర్మార్గం మొదలయ్యాక, 2024 మేలో ఆపిల్, గూగుల్ కలిసి ఒక ఏర్పాటు చేశాయి. మీది కాని ట్యాగ్ మీ వెంట కదులుతుంటే, మీది ఐఫోనైనా, ఆండ్రాయిడైనా హెచ్చరిస్తుంది. ఇది చాలా అవసరమైన రక్షణ, దాన్ని తప్పుబట్టను. కానీ బైకు ఎత్తుకెళ్లినవాడికీ అదే హెచ్చరిక అందుతుంది, ట్యాగ్ పీకి పారేస్తాడు. అందుకే బండికి జీపీఎస్ ట్రాకరే మేలు. ఉపగ్రహాలతో చోటు కనిపెట్టి, సిమ్ ద్వారా పంపుతుంది. చుట్టుపక్కల ఫోన్లతో పనిలేదు, సెల్ సిగ్నల్ ఉంటే చాలు. దీనికి సాధారణంగా సిమ్ ఖర్చుంటుంది, బండి బ్యాటరీకి కలపని రకమైతే చార్జింగ్ కూడా పెట్టుకోవాలి. తాళాలకు, పర్సుకు ఈ ఖర్చు దండగ.

ఎయిర్‌ట్యాగ్‌లో సీఆర్2032 బటన్ సెల్ ఏడాదికి పైగా వస్తుంది. మార్చేటప్పుడు ప్యాకెట్ చూసి కొనండి: పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సెల్స్ కొన్ని అందులో పనిచేయవు. పూత లేనిది కొంటే పిల్లలకు అందనిచోట పెట్టండి.