పోర్షే వడ్డన, ఫెరారీ ఊరింపు

జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే మీద పోర్షేనో ఫెరారీనో, అలాంటి ఖరీదైన స్పోర్ట్స్ కారు సర్రున పోతే మన పాలమూరు పోరగాళ్లు ముందు అడిగేది, "కొత్త మోడలా?" అని.

పోర్షే 911 అయితే చెప్పడం కష్టమే. 1963 నాటి ఆ రూపురేఖలు ఇంకా పోలేదు. కొత్త తరం వచ్చిందంటే అందులో రకాలను మొదట కరేరా, ఆ తర్వాత టర్బో, జీటీ3, ఇలా విస్తట్లో ఒక్కో కూర వడ్డించినట్టు వదులుతారు. మధ్యలో మళ్లీ మెరుగులు: 2018 చివర్లో చూపించిన తరానికి 2024లో హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌కు తోడు కరెంటు మోటారు) జోడించారు.

ఫెరారీ టాప్ కార్లకు మాత్రం ఏళ్లకేళ్లు ఆగాల్సిందే. ఎంజో 2002లో, లాఫెరారీ 2013లో, ఎఫ్80 2024లో. అదీ 799 కార్లే, పాత కస్టమర్లకే పెద్దపీట. డబ్బుంటే చాలదట!

నా ఓటు పోర్షేకే. టెన్షన్ పెట్టి అమ్మడం నాకు నచ్చదు.